నాలుగు కాళ్ల తాయెత్తు

చేతులు నేలకు ఆనించకుండా, గోడ పట్టుకోకుండా, పక్కవాడి భుజం మీద బరువు వేయకుండా, కింద కూర్చున్న చోటి నుంచి మీరు లేవగలరా? జవాబు నాకు చెప్పనక్కర్లేదు, మీ మోకాళ్లకు తెలుసు. ఈ ప్రశ్న నన్ను ఒకామె అడిగింది, రాష్ట్రం వచ్చిన కొత్తలో, హాలియాలోని ఒక చిన్న దవాఖానలో, నలుగురూ చూస్తుండగా. ఆ రోజుల్లో లోకంలోని ప్రశ్నలన్నీ నేనే అడగాలనీ, జవాబు దొరక్క లోకం తల దించుకోవాలనీ నా నమ్మకం. ఇరవై అయిదేళ్ల వయసు, ప్రైవేటు కాలేజీలో కొత్త ఉద్యోగం. ఎవరేం చెప్పినా "దానికి హేతువేమిటి?" అని అడ్డం పడేవాణ్ని కనుక పిల్లలు నాకు 'హేతువు సారు' అని పేరు పెట్టారు. (అది వెక్కిరింపని తెలియక చాలా కాలం గర్వపడ్డాను.)

మా వైపు కొడుక్కు దక్కే అతి పెద్ద బిరుదు ఒకటుంది: "తల్లిని కూసోబెట్టి సాదుతుండు." అంటే పని ముట్టనివ్వకుండా, గడప దాటనివ్వకుండా, కూర్చున్న చోటికే కంచం తెచ్చి పోషిస్తున్నాడని. ముసలామె ఎవరైనా తన నీళ్లు తాను మోసుకుంటూ కనిపిస్తే ఊరు ఆమె వంక చూడదు, ఆమె కొడుకు వంక చూస్తుంది. మా బాపుకు ఆ బిరుదు రాలేదు. బాపు తల్లి, మా అవ్వ, కూర్చునే రకం కాదు. తిరుమలగిరి దగ్గర మా ఊళ్లో ఆమెకు ఏడు మేకలుండేవి. పొద్దున్నే వాటిని తోలుకుని గుట్ట కిందికి పోతే మళ్లీ పొద్దు వాలాకే రావడం. అరవై ఎనిమిదేళ్ల మనిషి, నేల మీద కూర్చుని తిని, ఒక చేతిలో కంచం, ఇంకో చేతిలో చెంబు పట్టుకుని అట్లాగే లేచి నిలబడేది.

అంతటి మనిషిని బాగుచేయడానికి నేను పూనుకున్నాను. మొదటి జీతంతో మెత్త పరిచిన పెద్ద కుర్చీ కొని, ఆటోలో వేసుకుని ఊరికి తెచ్చాను. వాడకట్టంతా చూడవచ్చింది. మేకల్ని మేనత్త ఊరికి పంపించేశాను. "ఇగ నీకేం ఫికర్ లేదు అవ్వా. కూసో. నేను సాదుత" అన్నాను, సభలో మాట్లాడినట్టు.

"కూసొని ఏం జెయ్యాలె బిడ్డా?"

"ఏం జెయ్యొద్దు. గదే సుఖం."

"గట్లయితే నన్ను గోడకు తగిలియ్యరాదు, ఫొటో లెక్క?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. హేతువు సారుకు ఆ మాటలోని హేతువు తగల్లేదు.

ఎనిమిది నెలలు గడిచాయి. నీళ్ల చెంబు అందుకోబోతే అమ్మ పరుగెత్తుకొచ్చి అందించేది. చీపురు పడితే బాపు లాక్కునేవాడు: "ఊళ్లె నా ఇజ్జత్ తీస్తవా అమ్మా?" శనివారం శనివారం నేను వచ్చి, ఆమె ఇంకా కూర్చునే ఉందో లేదో తనిఖీ చేసేవాణ్ని. దసరా నాటికి ఆమె లేవాలంటే ఒక మనిషి సాయం కావలసివచ్చింది, ఉగాది నాటికి ఇద్దరు. బయటికి పోవలసివచ్చిన ప్రతిసారీ ఎవరినో ఒకరిని పిలవాలి. పిలవడానికి సిగ్గుపడి నీళ్లు తాగడమే తగ్గించుకుందని అమ్మ చాలా ఆలస్యంగా కనిపెట్టింది. గుట్టల వెంట తిరిగిన మనిషి, గడప దాకా పోవడానికి ఒకరి దయ కోసం చూసింది. ఇది తలచుకుంటే నాకు ఇప్పటికీ నా మీదే ఒళ్లు మండుతుంది.

"దిష్టి తాకింది. గంత పెద్ద కుర్సీ అందరి కండ్లల్ల వడ్డది" అని మేనత్త ఒక తాయెత్తు తెచ్చి అవ్వ మోకాలికి కట్టింది. ఇక చూడాలి నా ఉగ్రరూపం! కత్తెర తెచ్చి తాయెత్తు తెంపాను. దారానికీ మోకాలికీ సంబంధమేమిటో ఒక్క హేతువు చూపించమని గంటసేపు ఉపన్యసించాను. అత్త తెగిన దారం ఏరుకుంది. అవ్వే కుర్చీలోంచి, "కట్టింది నా మోకాలికి గదరా, నీకెందుకు గంత నొస్తాంది?" అంది. నేను గెలిచినట్టే లెక్కవేసుకుని, కారు కిరాయికి మాట్లాడి, ఆమెను హాలియా తీసుకుపోయాను.

అక్కడ డాక్టరు చూసి, కీళ్లకు పెద్ద జబ్బేమీ లేదని, కసరత్తు చేయించే మేడం దగ్గరికి పంపించాడు. ఆమె అవ్వ మోకాళ్లు వంచి చూసి నన్నడిగింది.

"రోజుకు ఎన్నిసార్లు లేస్తది?"

"లేవనియ్యం మేడం. మెత్త కుర్సీల కూసోబెట్టి సాదుతున్నం."

"తాయెత్తులు గిట్ల ఏమన్న కట్టిన్రా?"

"కట్టిన్రు. నేను తెంపేసిన." (ఇక్కడ చప్పట్లు పడతాయని కాసేపు ఆగాను.)

"తాయెత్తు ఏం జెయ్యలె తమ్ముడూ. మంచీ జెయ్యలె, చెడూ జెయ్యలె. నాలుగు కాళ్లది ఇంకోటి కట్టినవు సూడు, గది జేసింది."

నాలుగు కాళ్లదేమిటో తెలియడానికి నాకు కొంతసేపు పట్టింది. పని లేని కాలు కరిగిపోతుందని ఆమె చెప్పింది. పొద్దున పదిసార్లు, సాయంత్రం పదిసార్లు కూర్చుని లేవాలట, మొదట కుర్చీలోంచి, తర్వాత పీట మీది నుంచి. నేను వాదనకు దిగాను: "హేతుబద్ధంగా ఆలోచిస్తే, ఆమె వయసులో అది సాధ్యమా మేడం?"

"నీ వయసుల సాధ్యమేనా? కింద కూసొని, చేతులు ఆనియ్యకుండ లేసి సూపెట్టు."

కూర్చోవడం బ్రహ్మాండంగా కూర్చున్నాను. లేవడమే కుదరలేదు. పక్క వీధికి కూడా బండి మీద పోయి రోజూ మిరపకాయ బజ్జీలు తిన్న దేహం సగం దాకా లేచి, గాలిలో ఎవరికో వంగి దండం పెడుతున్నట్టు ఆగిపోయింది. కుడి మోకాలు టప్పుమంది. పడిపోతూ చేతికందింది పట్టుకున్నాను. అది అవ్వ మోకాలు.

"జర మెల్లగ బిడ్డా" అంది అవ్వ. "నిన్ను సాదెటందుకు ఇంకో కుర్సీ దేవాలె."

మొదటి వారం ఆమె రెండుసార్లకు మించి లేవలేకపోయింది. కళ్లనీళ్లు పెట్టుకుంది. కానీ మానలేదు. అవ్వకు లెక్కలంటే గిట్టదు. మేకల్ని కూడా ఏనాడూ లెక్కపెట్టలేదు, పేరుపేరునా పిలిచి ఇల్లు చేర్చేది. కసరత్తూ అట్లాగే. "లే నల్లదానా" అని తనకు తానే చెప్పుకుని లేచేది. కూర్చునేది. "లే బొల్లిదానా" అని మళ్లీ లేచేది. నాలుగు నెలలకు ఏడో పేరు దాకా వచ్చి, అక్కడ ఆగిపోయింది.

"ఇంక మూడున్నయి అవ్వా."

"నాకున్నయి ఏడే. పది గావాల్నంటె ఇంకో మూడు దే."

వాదనలో నన్నెవరూ ఓడించలేదని అప్పటిదాకా చెప్పుకున్నాను. ఆ ఆదివారమే మేనత్త దగ్గర్నుంచి ఏడు మేకల్నీ తోలుకొచ్చి, మూడు పిల్లల్ని చేర్చి వాకిట్లో కట్టేశాను. దసరాకు అవ్వ గుట్ట కిందికి పోయింది. మెత్త కుర్చీలో మేకపిల్ల పడుకుంది. "ముసల్దాన్ని మళ్ల మేకల ఎంట తోలిండు" అని ఊరు బాపును తిట్టింది. తిట్టనీ! అవ్వ మళ్లీ చెంబులకు చెంబులు నీళ్లు తాగింది.

కన్నవాళ్లను కుర్చీకి కట్టేసి దాన్ని గౌరవం అనే ఈ ఊరి నీతిని నేను గౌరవించను. బస్సులో ముసలివాళ్లకు సీటివ్వండి, సంతోషం. ఇంట్లో వాళ్ల చేతిలోని చెంబు లాక్కోవడమెందుకు? యాభై దాటగానే మంచినీళ్లకు కూడా కోడల్ని కేకేసే మగవాళ్లారా, మీరు పెద్దరికం అనుకుంటున్నది మంచం పట్టడానికి రిహార్సలు! కసరత్తు చావును ఆపుతుందని నేననను, అంటే అదీ తాయెత్తే. అవ్వ పోయి రెండేళ్లయింది. చివరి పదిహేను రోజులు ఆమెకూ మనిషి సాయం పట్టింది. పదిహేను రోజులే. కుర్చీలో ఉంచి ఉంటే అది ఎన్నేళ్లయ్యేదో మీరే ఆలోచించండి.

మొన్న కట్టంగూరులో ఒక సభ. నిర్వాహకుడు, కుర్రవాడు, నా మీసంలో తెలుపు చూశాడో ఏమో, మెత్తటి కుర్చీ జరిపి, "సార్, మీరు కూసొనే మాట్లాడుండ్రి" అన్నాడు. నన్నొకరు కూసోబెట్టడం అదే మొదటిసారి. ఒక్క క్షణం చాలా హాయిగా అనిపించింది, దాచను. మరుక్షణం చేతులు కట్టుకుని లేచాను. మైకు పనిచేస్తోందని చూసుకోలేదు. "లే నల్లదానా" అన్న మాట సభంతా వినబడింది. ముందు వరుసలో ఆడవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. తాయెత్తు తెంపి చప్పట్ల కోసం ఆగిన ఆ పాత హేతువు సారు ఎక్కడో వెనక వరుసలో కూర్చుని నన్ను చూసి నవ్వినట్టయింది.

ఇక మీ సంగతి. కూర్చుని చదివింది చాలు. లేవండి, చేతులు ఆనించకుండా, పదిసార్లు. తర్వాత లోపలికి పోయి, కుర్చీలో కూసోబెట్టిన మీ అమ్మను పలకరించండి. ఆమె చెంబు ఆమెను తెచ్చుకోనివ్వండి.