లీటరు నర్సమ్మ

మా ఊరి నర్సమ్మ పోయిందని మొన్న పొద్దున నిజామాబాద్‌లో ఉన్న నాకు అత్తమ్మ ఫోన్ చేసి చెప్పింది. కాసేపు ఏడ్చింది. ఆ వెంటనే, "నన్ను ఎంత తిట్టిందో యాదికున్నదా బిడ్డా?" అని నవ్వేసింది. నేనూ నవ్వాను. ఆమెను తలుచుకుంటే మా ఇంట్లో ఎవరికైనా అంతే.

కోటగిరి దగ్గర మా ఊరి ఆరోగ్య ఉపకేంద్రంలో నర్సుగా చేసిన ఆమెను అందరూ లీటరు నర్సమ్మ అనేవారు. పసిపిల్లకు విరేచనాలని కబురు అందితే చాలు, గడప దాటుతూనే "లీటరు సీసేది?" అని అడిగేది. ఓఆర్‌ఎస్ పొట్లం మొత్తం ఒకేసారి లీటరు నీళ్లలో కలపాలి. చెంబుతో ఉజ్జాయింపుగా కలిపితే మొహమాటం లేకుండా పారబోసేది. "అందాజ కూరలకు పనికొస్తది, పసిపిల్లలకు గాదు" అనేది. సంచిలో ఎప్పుడూ ఖాళీ సీసా ఒకటి ఉండేది. మొగుడి కంటే దాన్నే భద్రంగా చూసుకుంటుందని ఆడవాళ్లు ఎకసెక్కాలాడితే, "ఔ మరి, గిది ఎదురు మాట్లాడదు" అని వాళ్లకంటే గట్టిగా నవ్వేది.

మా అమ్మాయికి ఎనిమిదో నెలలో, వానలు మొదలైన వారం, పొద్దుటి నుంచి నీళ్ల విరేచనాలు పట్టుకున్నాయి. నేను పొట్లం కొలత ప్రకారమే కలిపాను. అత్తమ్మ ఓ చుక్క రుచి చూసి మొహం చిట్లించింది. మాది చెరుకు పండించే ఇల్లు, తీపి తగ్గితే మాకు నామోషీ. "ఉప్పుప్పగున్నది, పిల్ల ఎట్ల తాగుతది?" అని గుప్పెడు చక్కెర, పైన ఓ బెల్లం ముక్క వేసింది. పిల్ల గటగటా తాగితే ఇద్దరం మురిసిపోయాం. మధ్యాహ్నానికి విరేచనాలు రెట్టింపయ్యాయి. కళ్లు లోతుకు పోయాయి, ఏడిస్తే కన్నీళ్లు రావడం లేదు, ఉచ్చ పోయడం కూడా ఆగిపోయింది. నా బిడ్డ దక్కదేమోనన్న భయంతో నర్సమ్మకు కబురు పంపాను.

నర్సమ్మ వచ్చి గిన్నెలో ఉన్నది నాలుకకు రాసుకుంది. "గిది మందు గాదు, పానకం! ఎవరు కలిపిండ్రు?"

అత్తమ్మ చక్కెర డబ్బాను చెంగు చాటుకు లాక్కుంది.

"అవ్వా, చెరుకు నీ చేన్ల ఉండనీ. తీపెక్కువైతే ఒంట్లకెల్లి ఇంకిన్ని నీళ్లు పేగులకు గుంజుతది."

అంతా పారబోసి, కాచి చల్లార్చిన నీళ్లతో మళ్లీ కలిపింది. చెంచా మాత్రం అత్తమ్మ చేతికే ఇచ్చింది. "తప్పు జేసిన చెయ్యే దిద్దాలె. ఒక్కో చెంచా, మెల్లగ." నావైపు తిరిగి, "ఆటో చెప్పి పెట్టు. తేరుకోకుంటే బోధన్ దవాఖానకు పోదాం" అంది.

పిల్ల కక్కేసింది. నేను ఏడవబోయాను. "పది నిమిషాలాగి మళ్ల పొయ్యాలె, గంతే. నువ్వు పాలు ఇచ్చుడు బంద్ జెయ్యకు" అంది. అత్తమ్మ చెంచా ఆపలేదు. ఒళ్లో పిల్లను పెట్టుకున్న నర్సమ్మ కదల్లేదు, టీ కూడా ముట్టలేదు.

నా బిడ్డ ఈరోజు నాలుగో తరగతి చదువుతోందంటే ఆమె చలవే. ఆ మాట ఒకసారి అనబోతే, "నేనేం జేసిన? పోసింది మీ అత్త" అని కొట్టిపారేసింది.

సాయంత్రం ఎండ వాకిట్లోకి వాలే వేళకు పిల్ల ఆమె ఒళ్లోనే ఉచ్చ పోసింది. ఇస్త్రీ చీర కుచ్చిళ్లన్నీ తడిసిపోయాయి. నేను కంగారుగా గుడ్డ తేబోతే చేయి పట్టి ఆపింది.

"ఏ, ఆగు! పోసింది! అవ్వా, పోసింది సూడు!"

అత్తమ్మ చెంచా పట్టుకునే భోరుమంది. పిల్ల కూడా గుక్కపట్టింది, ఈసారి చెంపల నిండా కన్నీళ్లు. నర్సమ్మ పిల్లను చంకనేసుకుని వీధిలోకి నడిచింది. ఇంటింటి ముందూ ఆగి, కొత్త చీర చూపించినట్టు, ఆ తడిసిన కుచ్చిళ్లు ఎత్తి అందరికీ చూపిస్తూ.