చింతచెట్టు కింద నా ప్రార్థన

సహోదరులారా, సహోదరీలారా, నలుగురిలో నోరు విప్పడం రాని నన్ను ఈ పొద్దు మీ ముందర నిలబెట్టిన దేవునికే మహిమ! మాది ధర్మపురి కొండల్లో చిన్న ఊరు. ఇండ్లు కొన్నే, సారాయంగడి మాత్రం ఒకటుంది. పెళ్లి మాటలైనా, పంచాయతీ అయినా, వానొస్తే తలదాచుకోవడానికైనా అందరికీ ఆ పాపమ్మక్క అంగడి అరుగే దిక్కు.

నా భర్త మునెప్ప చింతచెట్లెక్కి కాయలు రాల్చే మనిషి. చెట్టెక్కే ముందు భయం పోవడానికి ఒక గ్లాసు తాగడం మా కొండమీద వాడుక. ఆయన మొదట భయానికని తాగాడు, తరువాత చేతుల వణుకు ఆగాలని తాగాడు, చివరకు తాగకుంటే అన్నం ముద్ద కూడా నోటిదాకా పోలేదు. ఆ చేతులతోనే అంత ఎత్తు కొమ్మలు పట్టుకునేవాడు! కింద కాయలేరుతూ నేను పైకి చూడలేక రోజూ చచ్చి బ్రతికేదాన్ని. తిట్టాను, ఏడ్చాను, అలిగి పుట్టింటికి పోయి, ఎవరూ పిలవకుండానే తిరిగి వచ్చాను.

ఒకరోజు చెయ్యి జారి, కింది కొమ్మల పంగలో ఇరుక్కొని బ్రతికాడు. దించగానే పసిబిడ్డలాగా ఏడ్చి, “ఇంక నా వల్ల కాదు మే, నీ దేవున్ని అడుగు” అన్నాడు. పాస్టరయ్య తోడు వచ్చి కొండ దించి ఆసుపత్రిలో చేర్చారు, డాక్టర్లు మందులిచ్చారు, సంఘమంతా ఉపవాసముండి ప్రార్థించింది, ఆయన సారాయి మాని ఇంటికి వచ్చాడు, అయినా నా దిగులు తీరలేదు, ఎందుకంటే మళ్లీ చింతకాయల కాలం వస్తుంది, తోపుకు పోయే దారి ఆ అంగడి ముందరే!

ఆ కాలం రానే వచ్చింది. పాపమ్మక్క చెడ్డది కాదు, అలవాటు కొద్దీ గ్లాసు చాచింది. “వద్దక్కా, ఈ పొద్దు ఉత్త చేతుల్తోనే ఎక్కి చూస్తాను” అని ఆయన ముందుకు నడిచాడు. నేను చెట్టు కింద కండ్లు గట్టిగా మూసుకొని, “ప్రభువా, పైన ఆయన్ని పట్టుకో, కింద నన్ను పట్టుకో!” అన్నాను. అంతలో టపటపమని నా నెత్తిమీద కాయలు! పైనుంచి ఆయన కేక: “ఏమ్మే, కండ్లు మూసుకొని నిలబడితే కాయలెవరు ఏరేది?” స్తోత్రం, స్తోత్రం! ఆ పూటంతా ఏడుస్తూ, నవ్వుతూ కాయలేరుకున్నాను.

అంగడి ఇంకా అక్కడే ఉంది. ఆయన ఆ అరుగుమీదే నీళ్లు తాగి, మానలేక బాధపడేవాళ్ల పక్కన కాసేపు కూర్చుని వస్తాడు. మీ ఇంట్లో కూడా అలా తాగుడుకు వణికే చెయ్యి ఒకటి ఉంటే, తిట్టి తిట్టి మీరు అలిసిపోయి ఉంటే, దాన్ని ప్రభువుకు అప్పగించండి, ఆయన పట్టు విడువడు. సాక్ష్యం చెప్పమంటే సిగ్గుపడి మా ఆయన వెనక వరుసలో దాక్కున్నాడు. ఏమయ్యా, ఒకసారి లేచి ఆ కుడిచెయ్యి పైకెత్తు! చూడండి సహోదరులారా, వణుకుతోందా?