మేస్త్రి వేళ్లు

మోటార్‌సైకిల్ ఇంజను విప్పాక క్రాంకు బేరింగు అరిగిందో లేదో చూడటానికి మేస్త్రి కొలిచే పరికరాలేవీ ముట్టడు. కళ్లు మూసుకుని, ఆ బేరింగుకు తగిలించి ఉండే రాడ్డును పైకీ కిందికీ కదుపుతాడు. వెంట్రుకవాసి లూజున్నా ముప్పై ఏళ్లుగా ఆ వేళ్లు పట్టేసేవి. ఈమధ్య షుగరుతో అవి మొద్దుబారాయి. ఆ సంగతి భార్యకు కూడా చెప్పలేదు. ఆ రోజూ అలాగే కదిపి చూసి, "గట్టిగానే ఉంది, బిగించెయ్" అన్నాడు.

షెడ్డులో తనతోపాటే పనిచేసే తమ్ముడు అందుకుని కదిపితే టక్కుమంది. "అరిగిపోయిందిగా అన్నయ్యా! మరి టీచరమ్మ బండి కూడా నువ్వే..." అంటూ ఆగిపోయాడు.

పోయిన నెల, మేస్త్రి ఇలాగే చూసి బిగించిన వారానికే, ఆ బండి ఇంజను నడిరోడ్డు మీద బిగుసుకుపోయింది. బండి పడి ఆవిడ కాలు విరిగింది. ఆసుపత్రిలో ఆవిడే, "పాత ఇంజను, నీ తప్పేముంది మేస్త్రీ" అంటే, అవునన్నట్టు తలూపి వచ్చాడు.

"ఇక నువ్వే చూడరా" అన్నాడు మేస్త్రి, తమ్ముడి మొహం చూడకుండా.