కిటికీలు తెరిపించిన అక్క

మా దవాఖాన అక్క పోయింది. మొన్న ఆదివారం మొఘల్‌పురాలో మా గల్లీ మొదట్లో నేను నిలబడి ప్రసంగిస్తుండగా కబురు అందింది. గుండె ఆగిపోయిందట. నా చేతిలో బైబిలు గ్రంథం తెరిచే ఉంది, చదవాల్సిన వాక్యం మాత్రం కళ్లకు ఆనలేదు.

టీబీ పరీక్షల కోసం ఇల్లిల్లూ తిరగడం అక్క పని. ఎవరింట్లో అడుగుపెట్టినా ముందు కిటికీ తెరిచేది. "గాలి రానియ్యిర్రి. దానికేమన్న కిరాయా?" అనేది.

మా గల్లీ చివర బర్మా నుంచి పారిపోయి వచ్చిన ఒక తల్లి, చంటిబిడ్డతో ఒక్క గదిలో ఉంటుంది. వారాల తరబడి దగ్గుతోంది. తెమడ పరీక్షకు అక్క డబ్బీ ఇస్తే చేతులు వెనక్కి పెట్టుకుంది.

"నామ్ నక్కో లిఖో, ఆపా."

పేరు రాయొద్దక్కా అని. రాస్తే జబ్బు సంగతి బయటపడి గది ఖాళీ చేయిస్తారని ఆమె భయం. బిడ్డను వేసుకుని ఎక్కడికి పోతుంది?

నేను ఊరుకుంటానా! ప్రభువు కుష్ఠురోగిని ముట్టుకోలేదా అని గ్రంథం పైకెత్తి గర్జించాను. గల్లీ అంతా తిరిగి చూసింది. ఆమె తలుపేసుకుంది.

"ఏంది తమ్మీ నీ లొల్లి?" అక్క నన్ను మిద్దె మీదికి లాక్కుపోయింది. ఆ తల్లినీ బతిమాలి తీసుకొచ్చింది. డబ్బీ నా చేతిలో పెట్టింది. "నువ్వు దగ్గుతలేవా? ముందు నువ్వియ్యి."

ఇచ్చాను. అక్క డబ్బీ ఎత్తి చూసి పెదవి విరిచింది. "గిది ఉత్త ఉమ్ము. నీ ప్రసంగం లెక్కనే, పైపైన. ఛాతీల నుంచి తియ్యి!"

ఆ తల్లి పకపకా నవ్వింది. నవ్వుతూనే డబ్బీ అందుకుంది.

ఇద్దరికీ టీబీ తేలింది. బిడ్డకు సోకలేదు, సోకకుండా మందు మొదలుపెట్టారు. ఆ దగ్గుతోనే ఎందరి తలల మీద చేతులుంచి ప్రార్థించానో! తలుచుకుంటే నేటికీ తల వాలిపోతుంది.

ఆరు నెలలూ అక్క పొద్దున్నే మా గడప ముందు కేకేసేది: "తమ్మీ, గోలీలు మింగినవా?" నేను అంతకన్నా గట్టిగా జవాబిచ్చేవాణ్ని. గల్లీ చెవులన్నీ మా మీదే ఉండేవి. ఆ సందట్లో అక్క చప్పుడు లేకుండా ఆ తల్లి గదికి పోయి గోలీలు మింగించి వచ్చేది. "నీ లొల్లి గిప్పుడు పనికొచ్చింది," అని నవ్వేది.

జబ్బు సంగతి బయటపడలేదు, ఆమె గది పోలేదు. ఈ సంగతి రాయమన్నదీ ఆ తల్లే.

మొన్న అక్క ఇంట్లో జనం కిక్కిరిశారు. నన్ను ప్రార్థించమన్నారు. గ్రంథం తెరిచి, మళ్లీ మూసేశాను. అప్పుడు ఆ తల్లి ఏడుస్తూ జనాన్ని తప్పించుకుని గోడ దాకా వెళ్లింది. గడియ తీసి కిటికీ బార్లా తెరిచింది.

అక్క మీద కప్పిన తెల్లగుడ్డ అంచు మెల్లగా కదిలింది.