దెయ్యం నవల చివరి పేజీ

నిన్న మధ్యాహ్నం కొరియర్‌లో వచ్చిన పొట్లం విప్పగానే బైండింగ్ బంక వాసన గుప్పుమంది. ఎవరో కొత్త రచయిత్రి సొంత ఖర్చుతో అచ్చు వేయించుకున్న డిటెక్టివ్ నవల. అంచుల దగ్గర పేజీలు ఇంకా ఒకదానికొకటి అంటుకునే ఉన్నాయి. ఆ వాసన తగిలితే నాకు సుగుణమ్మ టీచర్ గారు గుర్తుకు రాకుండా ఉండరు. భవానీపురంలో మా చర్చి వెనక వీధిలో వాళ్ల ఇల్లు. ఆ ఇంటి ముందు గది నిండా ఎప్పుడూ ఇదే వాసన. హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరయ్యాక ఆవిడ ఒక చిన్న మాసపత్రికలో ఒక పేజీ నడిపేవారు. పేరున్న ప్రచురణకర్తల పుస్తకాలు అందులోకి రావు. తమ పుస్తకం తామే వేసుకున్న కొత్తవాళ్ల నవలల గురించే రాసేవారు. ప్రేమకథ, హత్యకథ, దెయ్యం కథ, చంద్రుడి మీద వరి నాట్లు వేసే కథ, ఏది వచ్చినా కాదనరు. షుగర్ వల్ల కళ్లు మసకబారాక, పైకి చదివి వినిపించడానికి నన్ను పిలిచారు. అప్పటికి నేను సండే స్కూల్ పిల్లలకు బైబిల్ వాక్యాలు కంఠతా పట్టించేదాన్ని. నవలలు ఆత్మకు మంచివి కావని మా అమ్మ చెప్పిన మాట నమ్ముతూనే వెళ్లాను.

ఆవిడ పద్ధతి వేరు. పుస్తకం తెరిచే ముందు రాసినవాళ్ల పేరు పెట్టి ప్రార్థన చేసేవారు. "ప్రభువా, ఈ మనిషి పడ్డ కష్టాన్ని తిన్నగా చూసే మనసివ్వు" అని చిన్న ప్రార్థన. ఆ తర్వాత నేను చర్చిలో పాఠం చదివినట్టు నిలబడి చదవాలి. నిలబడి చదివితే బలహీనమైన వాక్యం నోట్లోనే దొరికిపోతుందని ఆవిడ నమ్మకం. మొదటి శనివారం చదివింది ప్రేమకథ. ఒకచోట నాకు మొహమాటం వేసి, కొంచెం వదిలేసి ముందుకు పోయాను.

"ఏమే ప్రమీలా, ఇప్పటిదాకా గొడుగు కింద ఉన్నవాళ్లు రైల్లోకి ఎట్లా వచ్చారు?"

"మధ్యలోది అంత బాగాలేదు టీచర్ గారూ."

"బాగుందో లేదో చెప్పాల్సింది నేను. వెనక్కెళ్లి చదువు. ముద్దు పెట్టింది నీకు కాదుగా!"

ఇంకోసారి, ఒక హత్యకథ పూర్తయ్యాక, ఇందులో సందేశం ఏముందండీ అని అడిగాను. "సందేశం రేపు చర్చిలో అయ్యగారు చెప్తారు. ఇవాళ శనివారం, కథ సంగతి చూద్దాం" అన్నారు. హత్యకథ దాచాలి గానీ మోసం చేయకూడదు, దెయ్యం కథ భయపెట్టాలి, ప్రేమకథలో ఆ ఇద్దరూ కలవాలని చదివేవాళ్లకే తొందర పుట్టాలి. మినుముల్ని వడ్ల ధరతో బేరమాడకూడదనేవారు. దేవుడి మాట తప్ప మరో మాట వినడం తెలియని నాకు, మనుషుల మాటల్ని కూడా శ్రద్ధగా వినడం ఒక రకమైన భక్తేనని నేర్పింది ఆవిడే.

అయితే ఒక్క విషయంలో ఆవిడ చర్చిలో నుంచి బయటికి రాలేకపోయారు. మా సంఘంలో ఎవరైనా దేవుడు తమకు చేసిన మేలుకు సాక్ష్యం చెప్పడానికి లేస్తే దానికొక తీరు ఉంటుంది. జబ్బో, తాగుడో, అప్పులో, ముందంతా చీకటి. చివర వెలుగు. వెలుగు రాకుండా కూర్చుంటే వినేవాళ్లకు ఊపిరాడదు, ఎవరో ఒకరు పాట ఎత్తుకుంటారు. పుట్టినప్పటి నుంచీ అవే వింటూ పెరిగినవాళ్లం. కథ కూడా అట్లాగే ముగియాలని మా ఇద్దరికీ తెలియకుండానే మాలో పాతుకుపోయింది.

కంకిపాడులో ఎరువులు, పురుగుమందుల కొట్టు నడిపే సాంబశివరావు గారు అచ్చుకు ముందే తన దెయ్యం నవల కాగితాలు తెచ్చిచ్చారు. "మొదటిదండీ. మార్చాల్సినవి మొహమాటపడకుండా చెప్పండి, మీరు చెప్పినట్టు చేస్తాను" అన్నారు. కథలో ఒకామె భర్త కాలవలో పడి చనిపోతాడు. కాలవలో నీళ్లు పారినన్నాళ్లూ రోజూ సాయంత్రం తడిసిన బట్టలతో వచ్చి గుమ్మంలో నిలబడి తువాలు అడుగుతాడు. ఆమె ఇస్తుంది. చదువుతుంటే నా చేతుల మీద రోమాలు లేచాయి. చివర్లో వేసవికి కాలవకు నీళ్లు కట్టేస్తారు. అతను రాడు. ఆమె పొడి తువాలు మడత పెట్టుకుని వెళ్లి, గట్టు మీద కూర్చుని ఎండిన కాలవను చూస్తుంటుంది. అంతే.

టీచర్ గారు ఆ చివరి పేజీ నా చేత మళ్లీ మళ్లీ చదివించుకున్నారు. కళ్లు మసకబారినకొద్దీ విన్నది విన్నట్టు మనసులో నిలబెట్టుకోవడం ఆవిడకు అలవాటైంది. చివరికి, "ఆ పిల్లని అట్లా గట్టు మీద వదిలేస్తే ఎట్లా? ఒక దారి చూపించమందాం" అన్నారు. నాకూ న్యాయమే అనిపించింది. సాంబశివరావు గారు మారుమాట లేకుండా మార్చేశారు. ఆమె తువాలు కాలవలోకి విసిరేసి, పక్క ఊరి బడిలో పంతులమ్మగా చేరి, తెల్లవారుతుండగా పిల్లలకు పాఠం మొదలుపెట్టింది.

నవల అచ్చయింది. దెయ్యం కథని కొంటే నీతిపాఠం చేతిలో పెట్టారని చదివినవాళ్లు ఆయనకు ఫోన్లు చేసి విసుక్కున్నారు. కొట్టు దగ్గర స్నేహితులు, "ఏరా సాంబా, దెయ్యం పెళ్లాన్ని బళ్లో చేర్పించావంటగా, ఫీజు ఎంత కట్టావేంటి?" అని ఏడిపించారట. టీచర్ గారు అచ్చయిన పుస్తకాన్ని నా చేత మొదటి నుంచీ చదివించుకున్నారు. కొత్త ముగింపు వచ్చేసరికి చెయ్యెత్తి ఆపమన్నారు.

"ప్రమీలా, లేఖనాల్లో, కీర్తనల మధ్యన ఒక మొర ఉంది చూడు. మొదలూ చీకటే, చివరా చీకటే. దేవుడు దానికి కొత్త ముగింపు రాయించలేదు. అట్లాగే ఉండనిచ్చాడు. చిన్నప్పటి నుంచీ దాన్ని వల్లిస్తూనే ఉన్నానే నేను! ఈ మనిషి దగ్గర మాత్రం వెలుగు కావాలని పట్టుబట్టాను."

మర్నాడే బస్సెక్కి ఇద్దరం కంకిపాడు వెళ్లాం. యూరియా బస్తాల మధ్య సాంబశివరావు గారు మాకు స్టూళ్లు వేశారు. టీచర్ గారు కూర్చోలేదు.

"తప్పు చెప్పానండి. నా పేజీలో అట్లాగే రాస్తాను. మీరు పాత ముగింపుతో మళ్లీ వేయించండి."

ఆయన నవ్వారు. "ఎక్కడుందండీ పాతది? కంప్యూటర్‌లో దాని మీదే దిద్దించాను. కాగితాలు పొట్లాలు కట్టడానికి పోయాయి."

"నాకొచ్చు" అన్నారావిడ. ఎరువుల కొట్టులో నిలబడి, చర్చిలో పాఠం చెప్పినట్టు, చేతులు కట్టుకుని ఆ పేజీ మొత్తం అప్పజెప్పారు. వరిలో దోమకి ఏం మందు కొట్టాలని అడగడానికి వచ్చిన రైతు కూడా కదలకుండా నిలబడిపోయాడు. నేను సంచిలోంచి పెన్ను తీయబోతే సాంబశివరావు గారు చెయ్యి అడ్డం పెట్టారు.

"వద్దమ్మా, రాసుకోవద్దు. బాగుంది, కానీ అది నా గొంతులా లేదు ఇప్పుడు. మీ చర్చిలో పాఠంలా ఉంది. నా దగ్గర లేనిది ఇంకోచోట కాగితం మీద ఉండొద్దు."

నేను టీచర్ గారి వైపు చూశాను. "ఆయన సొత్తు, ఆయన మాట" అన్నారు. పెన్ను లోపల పెట్టేశాను. తిరుగు బస్సులో ఆవిడ కిటికీ పక్కనే కూర్చున్నా బయటికి చూడలేదు.

ఆ నెల పేజీలో, ఆ నవల ముగింపు రచయితది కాదనీ, తాను రాయించినదనీ, నింద తనకే చెందాలనీ రాశారు. కంకిపాడు నుంచి జవాబు రాలేదు. అప్పటి నుంచి కొత్త పుస్తకాల పొట్లం వచ్చిన ప్రతిసారీ, పంపినవాళ్ల పేర్లే ముందు చదవమనేవారు. ఆ పేరు మళ్లీ రాలేదు. ఎవరైనా ఏం మార్చమంటారని అడిగితే, "నాకు ఏమనిపించిందో చెప్తానండి, మార్చడం గురించి నన్నడగొద్దు" అనేవారు. చివరికి మంచంలో ఉండి కూడా ఆయన కోసం చేసే ప్రార్థన మానలేదు. రాయించు ప్రభువా అని మాత్రం అడిగేవారు కాదు. "ఆయన చెవికి ఆయన గొంతు వినిపించు" అనేవారు.

టీచర్ గారు వెళ్లిపోయాక జరిగిన జ్ఞాపకార్థ కూడికకు సాంబశివరావు గారు వచ్చారు. వెనక బెంచీలో, బొట్టుతోనే, ఒద్దికగా కూర్చున్నారు. ఆవిడ గురించి ఎవరైనా రెండు మాటలు చెప్పవచ్చని అయ్యగారు అంటే మొదట లేచింది ఆయనే. "నా పుస్తకంలో ఒక పేజీ నోటికి నేర్చుకున్న మనిషి ఈవిడొక్కతేనండి" అని చెప్పి కూర్చున్నారు. అందులో వెలుగు లేదు, ముగింపూ లేదు. ఎవరూ పాట ఎత్తుకోలేదు.

భోజనాల దగ్గర నన్ను పక్కకు పిలిచారు.

"అమ్మా, ఆ పేజీ మీకేమైనా వచ్చా?"

"మీరే వద్దన్నారు కదండీ."

"అన్నాను. ఇప్పుడు వినాలనుంది."

మొదలుపెట్టాను. కాగితం చూస్తూ చదివేదాన్ని కాబట్టి, ఆవిడకు నిలిచినట్టు నాకు నిలవలేదు. ఆమె తువాలు మడత పెట్టేదాకా నోటికి వచ్చింది. గుమ్మం దిగి, వీధి దాటి, గట్టు మీద కూర్చునేదాకా వచ్చింది. అక్కడ ఆగిపోయాను. ఆయన కళ్లు మూసుకుని, పెదవులు కదుపుతూ, తర్వాతి వాక్యం కోసం నాతోపాటే వెతికారు. మా చేతుల్లోని విస్తళ్లలో అన్నం చల్లారిపోయింది.

"పోనీలేమ్మా. అక్కడిదాకా అయినా ఉంది" అన్నారు చివరికి.

లేఖనాల్లో అధ్యాయాలకు అధ్యాయాలు నాకు తడబాటు లేకుండా వస్తాయి. ఇప్పుడు ఆ పత్రికలో పేజీ నేనే రాస్తున్నాను. ఎవరి ముగింపు జోలికీ పోను. శనివారాలు ఒంటరిగా నిలబడి ఆ పేజీని మొదటి నుంచి చెప్పుకుంటూ వస్తాను. ఆమె గట్టు మీద కూర్చుంటుంది. ఎండిన కాలవలో ఆమె ఏం చూసిందో చెప్పే వాక్యం మాత్రం ఈ భూమ్మీద ఎవరికీ రాదు.