అడ్డం కట్టిన చీర

నువ్వులు వేగుతున్న వాసన వస్తే ఇవాళ్టికీ నేను అక్కడ నిలబడలేను. మొన్న కర్మన్‌ఘాట్‌లో మా పక్క వాటావాళ్ళు నువ్వుల్లో బెల్లం పాకం పోసి ఉండలు చుడుతుంటే, వాసనకు సందులోని పిల్లలంతా వాళ్ళ గుమ్మం ముందు మూగారు, నేనేమో తలుపు వేసుకుని కూర్చున్నాను. అందరికీ నోరూరించే వాసన నాకు మాత్రం భయం పుట్టిస్తుంది.

నల్లగొండ దగ్గరి పల్లె నుంచి వచ్చి దిల్‌సుఖ్‌నగర్ వెనక సందులో ఒక్క గది కిరాయికి తీసుకుని ఉండేవాళ్ళం, నాయిన, అమ్మ, నాయినమ్మ, నేను. నాయిన పండ్ల మార్కెట్‌లో ట్రాలీ ఆటో నడిపేవాడు కాబట్టి బత్తాయిల కాలంలో ఆయన చొక్కా, మా దుప్పట్లు, చివరికి నా బడి సంచి కూడా బత్తాయి తొక్క వాసనే వేసేవి. వినాయక చవితి వస్తే సందు మొదట్లో మండపం లేచేది, మైకు పొద్దున్నే చెవులకు చిల్లులు పొడిచేది, ప్రసాదం శనగ గుడాలు గుప్పిట్లో పట్టుకుని తింటూ మేం అష్టా చెమ్మా ఆడుకునేవాళ్ళం, బాలాపూర్ లడ్డూ ఈసారి వేలంలో ఎంతకు పోతుందోనని పెద్దవాళ్ళు తమ జేబులోంచే పోతున్నట్టు వాదించుకునేవారు.

ఆ ఏడు చవితికి కొంచెం ముందు నేను పెద్దమనిషినయ్యాను. గది మూలన చాప వేసి, అడ్డంగా అమ్మ పాత చీర కట్టి, నన్ను దాని వెనక కూర్చోబెట్టారు. తానం చేయించేదాకా ఎవరూ నన్ను ముట్టుకోకూడదు, తండ్రి అసలు ముఖమే చూడకూడదు, చూస్తే ఆయన ఆయుష్షు తగ్గుతుందని నాయినమ్మ చెప్పింది. నాయిన ఆ మాట ఎంత నమ్మాడంటే, గదిలోకి వచ్చేముందు దగ్గి, గోడవైపు ముఖం తిప్పుకుని నడిచి, చీర అవతలి నుంచే "తిన్నవా బిడ్డా?" అని అడిగేవాడు.

తినక చస్తానా! నువ్వుల ఉండలు, ఎండుకొబ్బరి కుడుకలు, బెల్లం, మళ్ళీ నువ్వుల ఉండలు. మొదట్లో మహారాణిలా మురిసిపోయాను. తర్వాత నెత్తురు ఆగలేదు. ఆగితే తానం, తానమైతే దావత్, మేనమామ తెచ్చే చీర. ముహూర్తం ఒకసారి వాయిదా వేశారు, మళ్ళీ వేశారు, సందులో వినాయకుణ్ణి నిలబెట్టారు, నాది ఆగలేదు. లేచి నిలబడితే కళ్ళు చీకట్లు కమ్మేవి. ఒంట్లో నెత్తురంతా ఇలాగే కారిపోయి ఆడపిల్లలు చచ్చిపోతారేమో, ఆ సంగతి నాకు చెప్పలేకే అమ్మ అటు తిరిగి కళ్ళు తుడుచుకుంటోందేమో అనుకునేదాన్ని.

"పిల్ల తెల్లగయితున్నదత్తమ్మా," అంది అమ్మ.

"మొదటిపారి గట్లనే అయితది, పరేషాన్ గాకు," అని నాయినమ్మ మరో ఉండ లోపలికి దొర్లించింది. ముట్టుకుని ఉంటే నా చేతులు ఎంత చల్లబడ్డాయో ఆమెకూ తెలిసేది.

నిమజ్జనం రోజు మధ్యాహ్నం ఉండ అందుకోబోయి చాప మీదే పడిపోయాను. అమ్మ కేక వేసింది. బయట ఆటో తుడుస్తున్న నాయిన పరుగెత్తుకొచ్చి చీర ముందు ఆగాడు. "సూడకురా, నీకు కీడు!" అని నాయినమ్మ అరుస్తూనే ఉంది. ఆయన చీరను పక్కకు లాగాడు. నా ముఖంలోకి చూశాడు. నన్ను రెండు చేతుల మీద ఎత్తుకున్నాడు.

మెయిన్ రోడ్డు మీది నర్సింగ్ హోంలో ఇన్సూరెన్స్ ఉందా, కార్డు ఉందా అని అడిగారు. మాకున్న ఒక్క రేషన్ కార్డూ ఊళ్ళో ఉన్న తాత పేరు మీద, ఆయన దగ్గరే ఉంది. అయితే ముందు అడ్వాన్స్ కట్టమన్నారు. నాయిన బతిమాలి, బతిమాలి, చివరికి నన్ను మళ్ళీ ట్రాలీలో, పండ్ల కింద పరిచే గడ్డి మీద పడుకోబెట్టి సర్కారు దవాఖానకు బయల్దేరాడు. దారంతా వినాయకుల లారీలు, తీన్మార్ దెబ్బలు, గాలి నిండా గులాల్. అమ్మ ఒడిలో తల పెట్టుకుని, ఆ డప్పులు ఆగేలోపే నేను పోతాననుకున్నాను. "బిడ్డ పాణం మీదికొచ్చింది తమ్మీ, జర జరుగుండ్రి," అని నాయిన గొంతు చించుకుంటుంటే, ఎగురుతున్న కుర్రాళ్ళు డప్పులు ఆపించి, లారీని పక్కకు తీయించి, మా ఆటోకు దారి చేశారు.

దవాఖానలో డాక్టరమ్మ నా కంటి కింది రెప్ప లాగి చూసి, "ఇన్ని రోజులు ఇంట్లో కూర్చోబెట్టి ఏం చేస్తున్నారు?" అని అమ్మను కసిరింది. నెత్తురు ఎక్కించారు, మాత్రలిచ్చారు, పైసా అడగలేదు. మెల్లగా నెత్తురు పోవడం ఆగింది. ఆడవాళ్ళ వార్డులోకి రానివ్వక నాయిన కిటికీ అవతల నిలబడి, ఈసారి ముఖం తిప్పుకోకుండా నన్నే చూస్తూ ఉండేవాడు.

ఇప్పుడు ఆ గది లేదు, సందు ఉన్న చోట అపార్ట్‌మెంట్లు లేచాయి. పండ్ల మార్కెట్ ఊరి బయటికి తరలిపోయింది, ఆ జాగాలో పెద్ద సర్కారు దవాఖాన కడుతున్నారు. నాయినమ్మ ఎప్పుడో పోయింది. పోయినేడు నాయిన, ఇంకా ముసలితనం రాకుండానే, గుండె ఆగి పోయాడు. దినాల నాడు మేనత్త నా ఎదురుగా కూర్చుని, "బిడ్డ ముఖం సూడొద్దంటే సూసిండు, గందుకే గింత తొందరగ పాయె," అంది. నేను చదువుకున్నదాన్ని, అలాంటివి నమ్మను. అయినా ఆమె ఎదుట కూర్చోలేక లేచి బయటికి వచ్చేశాను.

నేను నమ్మను. నాయిన నమ్మేవాడు. నమ్ముతూనే ఆ చీర లాగాడు.