కుట్టు లోపల గుడ్డ

ఈ ఉదయం ప్లంబర్ వచ్చి, వంటింటి సింకు కింద పది నిమిషాలు పడుకుని లేచాడు. అతను చెప్పిన బిల్లు మారుమాట్లాడకుండా కట్టి, పైగా థాంక్యూ కూడా చెప్పాను. తలుపు వేశాక ఇల్లు మళ్ళీ మూగబోయింది. అప్పుడు మా టైలర్ మాస్టారు గుర్తొచ్చి సిగ్గేసింది.

ఇక్కడ మా పక్క ఊరు ఐసెలిన్‌లో ఒక ఇంటి బేస్‌మెంట్ అద్దెకు తీసుకుని, అందులోనే కుట్టి, అందులోనే వండుకుని, అందులోనే పడుకునేవాడు మాస్టారు. మెట్లు దిగుతుంటే ఇస్త్రీ ఆవిరి, ఇంగువ పోపు కలిసి ముక్కుకి తగిలేవి. మావారు పోయి, అమ్మాయి ఉద్యోగానికి శాంటా క్లారా వెళ్ళిపోయాక, నేను తెలుగులో నోరు విప్పే చోటు అదొక్కటే. నిజం చెప్పొద్దూ, చీర కట్టుకెళ్ళే పేరంటాలు లేకపోయినా మాటల కోసమే జాకెట్లు కుట్టించుకున్నాను. కొలతకిచ్చే ఆది జాకెట్టు ఆయన దగ్గరే ఉండేది. ఏటేటా ఆ కొలతతో కుట్టినవి నాకు బిగుతవుతుంటే, "డ్రయ్యర్‌లో ష్రింక్ అయ్యుంటాయమ్మా," అనేవాడు మర్యాదగా.

ఒకరోజు కత్తెర పక్కనపెట్టి, "అమ్మా, ఓనరు రెంట్ పెంచేశాడండి. జాకెట్టుకి ఇంకో ఐదు డాలర్లు వేసుకుంటేగానీ ఇక్కడ ఉండలేను. మీరు ఊఁ అంటే మిగతావాళ్ళూ కాదనరు," అన్నాడు. గుడికొచ్చే ఆడవాళ్ళందరినీ ఆ మెట్లు దింపింది నేనే మరి.

ఈ దేశమొచ్చి ముప్పై ఏళ్ళయినా వదలని జబ్బొకటుంది నాకు. డాలరు వినగానే రూపాయల్లోకి మార్చేస్తాను. "ఆ ఐదు డాలర్లతో విజయవాడలో ఏకంగా ఒక జాకెట్టే కుట్టిస్తారు మాస్టారూ!" అన్నాను. ఆయన అద్దె కట్టేది విజయవాడలో కాదని తట్టనేలేదు. "సరేలెండమ్మా," అని మెషీన్ మీదికి వంగాడు.

రెండు నెలలకి, అద్దెలు తక్కువని టెక్సాస్‌లో ఏదో చిన్న ఊరికి వెళ్ళిపోయాడు. వెళ్ళేముందు నా ఆది జాకెట్టూ, చివరిగా కుట్టిన జాకెట్టూ ఇంటికి తెచ్చిచ్చి, పాత కూలీయే తీసుకున్నాడు. "లోపల గుడ్డ ఎక్కువే వదిలానమ్మా. ఇకమీద మీకు ఎవరు కుడతారో ఏమో, రెండుసార్లు విప్పుకోవచ్చు," అన్నాడు.

ఇందాక ఆ జాకెట్టు తీసి వేసుకుంటే పట్టలేదు. ఒక కుట్టు విప్పితే సరిపోయింది. ఇంకొకటి మిగిలే ఉంది. ఎలా ఉందని అడగడానికి ఎదురుగా ఎవరూ లేరు. నా రాబోయే ఏళ్ళకి ఆయన చోటుంచి వెళ్ళాడు, నేనే ఐదు డాలర్ల దగ్గర బిగించేశాను. గడిచిపోయిన ఏళ్ళకి విప్పుకోవడానికి కుట్టుండదు.